రెండున్నర అడుగుల గాలి

"ఇక తలుపు బిగించేస్తాను అత్తయ్యా. లేచి లోపలికి రండి," అన్నాడు ఒస్మెల్ మూడోసారి.

చేతిలో సుత్తి, చంకలో రెండు పలకలు. మేకులు పెదవుల మధ్య ఇరికించుకోవడంతో మాట ముద్దగా వచ్చింది. గడప అవతల బాల్కనీలో అతని అత్తగారు ఎడెల్మీరా కుట్టుమిషన్ ముందు కూర్చుని, వినబడనట్టు గుడ్డ మీదికి సూది దించింది.

ముందురోజు రాత్రి తొమ్మిదింటికి, డాక్టర్ల కోసం లగునాస్ వీధంతా చప్పట్లు కొడుతున్న వేళ, ఈ బాల్కనీ అడుగు నుంచి పళ్ళెమంత పెచ్చు ఊడి కింద పడింది. వీధిలో మనుషులు లేరు కాబట్టి ఎవరి తలా పగల్లేదు. తాపీపని చేసే ఒస్మెల్‌కి ఆ చప్పుడు చాలు. తెల్లవార్లూ నిద్రపోలేదు.

"ఇక్కడ కూర్చుని నలభై ఒక్క రోజులైంది," అంది ఎడెల్మీరా, తల ఎత్తకుండా. "ఏం కాలేదు."

"కాలేదు కాబట్టే చెబుతున్నాను."

"లోపల నాకు ఊపిరాడదు. నీకు తెలుసు."

తెలుసు. ఆ ఇల్లంటే ఒకటే గది. ఎత్తైన గది మధ్యలో ఒస్మెల్ స్వయంగా కట్టిన చెక్క అటక. కింద పొయ్యి, బల్ల, ముసలామె మంచం. అటక మీద భార్యాభర్తల పరుపు, దుప్పటి అడ్డం కట్టిన అవతల కూతురు దయామీ చాప. కిటికీ లేదు. ఒక వైపు మెట్ల తలుపు, మరో వైపు బాల్కనీ తలుపు. గాలంటూ వస్తే అటునుంచే రావాలి.

ఎడెల్మీరాది చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. ముసలివాళ్ళు గడప దాటొద్దని మార్చిలో రేడియో చెప్పిన రోజే ఆమె తన కుర్చీని బాల్కనీలోకి ఈడ్చుకుంది. ఆ తర్వాత మిషన్ వెళ్ళింది. దాని వెనక నీళ్ళ పీపా, ఉల్లికాడలు నాటిన డబ్బాలు, దువ్వెన, అద్దం. పొద్దున్న కాఫీ అక్కడే, మధ్యాహ్నం కునుకు అక్కడే. మాస్కులు కుట్టి తాడు కట్టిన బుట్టలో కిందికి దించితే, కోటా రొట్టెలు అదే బుట్టలో పైకొచ్చేవి. ఎదురింటి బాల్కనీలోని ఫెర్మీన్‌తో ఆమె రోజూ పోట్లాడేది, ఒకరోజు బేస్‌బాల్ గురించి, ఒకరోజు యాభై ఏళ్ళ కిందటి ఏదో డాన్సు గురించి. రెండున్నర అడుగుల వెడల్పు జాగా. ఊరంతా గదుల్లో మగ్గుతుంటే ఆమె మాత్రం వీధిలో బతికింది.

"పడితే వీధిలో పడతాను," అంది. "లోపలుంటే మంచంలో పోతాను. నువ్వే చెప్పు, ఏది నయమో."

ఒస్మెల్ మేకులు నోట్లోంచి తీసి జేబులో వేసుకున్నాడు. ఈ మనిషికి ఎలా చెప్పాలో తెలియలేదు. చెప్పాల్సింది చెబితే ఇంకొకటి కూడా చెప్పాల్సి వస్తుంది.

అతని భార్య నెరెయిదా అప్పుడే మెట్లెక్కి వచ్చింది. తెల్లవారి అయిదింటి నుంచి కోడిమాంసం వరసలో నిలబడి, తన ముందు ఇరవై మంది ఉండగా సరుకైపోయిందని చెబితే వట్టి చేతులతో తిరిగొచ్చింది. గడపలో చెప్పులు విడిచి, క్లోరిన్ నీళ్ళలో చేతులు ముంచుతూ పలకల వైపు, సుత్తి వైపు, తల్లి వీపు వైపు చూసింది.

ఇద్దరూ ఒకేసారి ఆమెకు ఫిర్యాదు చేశారు. నెరెయిదా అటక వైపు తలెత్తింది.

"దయామీ ఇంకా లేవలేదా?" అంది.

పది దాటింది. పంతొమ్మిదేళ్ళ పిల్ల, నోరు ఊరుకోదు. ఇంత గొడవ జరుగుతుంటే అటక మీద నుంచి ఒక్క వెటకారం కూడా రాలేదేమిటని అప్పుడు తట్టింది ముగ్గురికీ.

నెరెయిదా నిచ్చెన ఎక్కింది. కూతురి చాప పక్కన వంగింది. తర్వాత రెండు మెట్లు దిగి ఆగింది.

"ఒస్మెల్," అంది. అంతే అంది.

*

ఒళ్ళు కాలిపోతోంది. కీళ్ళు విరిచినట్టున్నాయట, కళ్ళ వెనక నొప్పట. ఇంట్లో ఉన్న థర్మామీటరు పెడితే ముప్పై తొమ్మిది దగ్గర ఆగింది. నెరెయిదా దాన్ని దులిపి మళ్ళీ పెట్టింది. మళ్ళీ అక్కడే ఆగింది.

సరిగ్గా అప్పుడే తలుపు తట్టారు. డాక్టరు చదువుతున్న పిల్ల, అనైస. పాలిక్లినిక్ నుంచి రోజూ ఇదే వేళకి ఇల్లిల్లూ తిరుగుతుంది. రోజూ అడిగేదే అడిగింది: ఎవరికైనా దగ్గు గానీ, జ్వరం గానీ, గొంతునొప్పి గానీ ఉందా?

"లేదమ్మా," అంది నెరెయిదా, తలుపు సగమే తెరిచి.

బాల్కనీలో మిషన్ ఆగింది.

"ఉంది," అంది ఎడెల్మీరా. "నా మనవరాలికి. రాసుకో తల్లీ."

అనైస రాసుకుంది. ఆ పిల్లకీ మహా అయితే ఇరవై రెండేళ్ళుంటాయి. రేపు పొద్దున్న వచ్చి నలుగురికీ పరీక్ష చేస్తారని, ఫలితం వచ్చేవరకు ఎవరూ గడప దాటకూడదని, అమ్మాయిని వేరే గదిలో ఉంచాలని చెప్పింది. వేరే గది అన్నాక తనే తలెత్తి ఇల్లంతా చూసి, నాలుక కరుచుకుంది.

"పోనీ బాల్కనీలో పెట్టండి. గాలి ఆడుతుంది. అమ్మమ్మగారు మాత్రం ఆ పిల్లకి దగ్గరగా ఉండకూడదు."

"బాల్కనీ వద్దు," అన్నాడు ఒస్మెల్.

"ఎందుకని?"

ఒస్మెల్ నోరు తెరిచాడు. ఆ పిల్ల చేతిలో కాగితం ఉంది. కాగితం మీద రాసింది ఎక్కడెక్కడికి వెళుతుందో ఎవరికి తెలుసు?

"ఎండ," అన్నాడు.

"దుప్పటి కట్టండి," అని అనైస పక్కింటికి వెళ్ళిపోయింది.

తలుపు మూశాక నెరెయిదా తల్లి వైపు తిరిగింది. ఎవరు చెప్పమన్నారని అడిగింది. పిల్లని ఎత్తుకుపోయి ఏ వార్డులోనో పడేస్తే ముఖం కూడా చూడనివ్వరని, ఒక రోజు ఆగితే తగ్గేదేమో అని అంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

"పక్కింట్లో మూడు నెలల పసిగుడ్డు ఉంది," అంది ఎడెల్మీరా. "ఆ గోడకి చెవి పెడితే వాడి ఏడుపు వినిపిస్తుంది. మన దగ్గు వాళ్ళకి వినిపించదా?"

అని కుర్చీలోంచి లేచింది. ఒస్మెల్ సుత్తి పట్టుకుని గంటసేపు నిలబడినా కదలని మనిషి, తనంతట తానే గడప దాటి లోపలికొచ్చింది. మంచం మీద కూర్చుని, పీల్చే మందు డబ్బా చెవి దగ్గర ఊపి చూసుకుంది. అడుగున కొంచెమే చప్పుడైంది.

*

వేరే చోటు లేక ఒస్మెల్ బాల్కనీ ఖాళీ చేశాడు. ఇనుప కాళ్ళ మిషన్ ముందు. పీపాలో నీళ్ళు ముంచి ముంచి పారబోసి పీపాని. తర్వాత కుర్చీ, మట్టి డబ్బాలు ఒక్కొక్కటీ. తను గడప లోపలే మోకాళ్ళ మీద కూర్చుని, చేయి చాపి అందినవి లాక్కున్నాడు. ఒక చాప పరిచి, దుప్పటి కట్టి, దయామీని గోడ పక్కనే పడుకోమన్నాడు. కటకటాల వైపు వెళ్ళొద్దన్నాడు.

"ఊళ్ళో అందరికీ గదులు, నాకు మాత్రం వీధి కనిపించే హోటలు," అంది దయామీ. పళ్ళు టకటకలాడుతున్నాయి.

నెరెయిదా చేమదుంప గుజ్జు కలుపుతూ మొగుడి చేతులనే చూస్తోంది. ఉల్లికాడల డబ్బా కూడా లోపలికి వచ్చాక గరిటె పక్కన పెట్టింది.

"డబ్బాలు ఎందుకు తీశావు?"

"బరువు."

"ఉల్లికాడల బరువా?"

ఆమె వచ్చి అతని ఎదురుగా నేల మీద కూర్చుంది.

"నా కూతుర్ని ఎక్కడ పడుకోబెట్టావో చెప్పు."

అప్పుడు చెప్పాడు. నాలుగేళ్ళ కిందట బాల్కనీ అడుగున చిన్న పగులు చూసి, నిచ్చెన వేసుకుని గీకితే లోపలి ఇనుప ఊచలు అట్టలు అట్టలుగా చేతిలోకి రాలాయి. వేలంత లావుండాల్సిన ఊచ చీపురుపుల్లంత మిగిలింది. నిజానికి ఆ రోజే వెళ్ళి చెప్పాలి. చెబితే ఇల్లు నివాసానికి పనికిరాదని రాసి, సీలు వేసి, అందర్నీ షెల్టరుకి పంపిస్తారు. అందుకే సిమెంటు మెత్తి, పైన తెల్లరంగు వేశాడు.

షెల్టరంటే ఏమిటో ఒస్మెల్‌కి ఎవరూ చెప్పనక్కర్లేదు. తొమ్మిదేళ్ళప్పుడు వాళ్ళ ఇల్లు కూలితే ఆరు నెలలని తీసుకెళ్ళారు. పదిహేడేళ్ళు ఉన్నారు. రేకు అడ్డు పెట్టిన ఒక మూలలో, అవతలివాళ్ళ గురక వింటూ, అతని తల్లి అక్కడే పోయింది.

"నాలుగేళ్ళు," అంది నెరెయిదా. "నాతో ఒక్క మాట లేదు."

"నీతో చెబితే నువ్వూ మోయాలి కదా."

"నాకు తెలుసు," అంది మంచం మీద నుంచి ఎడెల్మీరా.

ఇద్దరూ తిరిగి చూశారు. ముసలామె ఊపిరి పిల్లికూతలా వస్తోంది. మాటకీ మాటకీ మధ్య ఆగుతోంది.

"రంగు వేసిన రోజే అనుకున్నాను. ముప్పై ఏళ్ళుగా ఆ బాల్కనీకి ఎవరూ రంగు వేయలేదు. నీ మొగుడికి ఉన్నట్టుండి దాని అందం మీద మనసు పడుతుందా?"

"తెలిసి ఎలా కూర్చున్నావమ్మా అక్కడ?"

"నేనొక్కదాన్నే కదా అనుకున్నాను."

నెరెయిదా లేచింది. గిన్నె తీసుకెళ్ళి గడప దగ్గర పెట్టి, చీపురుకర్రతో దుప్పటి కిందుగా కూతురి వైపు తోసింది. ఆ తర్వాత చీపురు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది, తినేవరకు.

ఆ పూటంతా ఎడెల్మీరా ఊపిరి పిల్లికూత వినబడుతూనే ఉంది.

*

మర్నాడు అనైస మరొకరిని వెంటబెట్టుకుని వచ్చి నలుగురి ముక్కుల్లో పుల్లలు పెట్టి వెళ్ళింది. దయామీకి సూది గుచ్చి రక్తం కూడా తీశారు. ఫలితం ఎల్లుండికి వస్తుందన్నారు. ముందే రావచ్చన్నారు.

తన బాల్కనీ అడుగు ఎవరికి వారికి కనబడదు. ఎదురింటి వాడికి కనబడుతుంది. పగులుందేమో చూడమని ఒస్మెల్ సిగ్గు విడిచి ఫెర్మీన్‌ని అడిగాడు. డెబ్భై ఆరేళ్ళ ఫెర్మీన్ రేవులో పనిచేసి రిటైరైన మనిషి. ఎందుకని అడగలేదు. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, దారమంత గీత ఉందన్నాడు. ఆ రోజంతా గంటకోసారి చూసి చెబుతూనే ఉన్నాడు. దారమే. దారమే.

మూడో రోజు మధ్యాహ్నం సముద్రం వైపు ఆకాశం నల్లబడింది. మే నెల తొలివాన. మామూలు సంవత్సరమైతే వీధిలో పిల్లలు చొక్కాలు విప్పి సిద్ధంగా ఉండేవాళ్ళు. ఆ వాన ఒంటి మీద పడితే ఏడాదంతా మంచిదంటారు ఆ ఊరివాళ్ళు.

"ఒస్మెల్," అని పిలిచాడు ఫెర్మీన్. గొంతు తగ్గించి పిలవడంతోనే ఒస్మెల్‌కి అర్థమైంది. "తాడంత అయింది."

నీళ్ళు తాగిన పాత కాంక్రీటు ఎంత బరువెక్కుతుందో ఒస్మెల్‌కి లెక్క చెప్పనక్కర్లేదు. దయామీని లోపలికి రమ్మన్నాడు. నెరెయిదా కూడా రమ్మంది, చేతులు చాపి.

దుప్పటి పక్కకి జరిగింది. పిల్ల ముఖం ఉబ్బి, ఎర్రగా ఉంది.

"అమ్మమ్మ ఉన్న గదిలోకి నేను రాను."

"దయామీ, ఇది కూలిపోతుంది," అన్నాడు ఒస్మెల్. కూతురి ముందు ఆ మాట అనడం అదే మొదలు.

"విన్నాను నాన్నా. మొన్న మీరు గుసగుసలాడిందంతా విన్నాను." గోడకి ఇంకా దగ్గరగా జరిగింది. "అమ్మమ్మ ఊపిరి ఇక్కడికి వినబడుతోంది. నేను లోపలికొస్తే అది ఆగిపోతుంది. నేను రాను."

ఎడెల్మీరా లేవబోయింది. నువ్వు రా, నేను మెట్ల మీద కూర్చుంటానంది. కానీ రెండడుగులు వేసేసరికి బల్ల పట్టుకోవాల్సి వచ్చింది. నెరెయిదా ఆమెను కూర్చోబెట్టి, ఆఖరి మందు నోట్లో కొట్టింది.

ఒస్మెల్ తలెత్తి అటక వైపు చూశాడు. పద్దెనిమిదేళ్ళ కిందట, పెళ్ళయిన కొత్తల్లో కాదు గానీ, పిల్ల నడక నేర్చి ఇల్లంతా తిరుగుతున్న రోజుల్లో, కూలిన ఒక పాత హాలు నుంచి మోసుకొచ్చిన దూలాలు. రెండు పొడుగాటివి. వీధి నేల నుంచి బాల్కనీ అడుగుకి అందుతాయి.

"మనం ఎక్కడ పడుకుంటాం?" అని నెరెయిదా అడగలేదు. పరుపు కిందికి తోసి, సుత్తి అందించింది.

అరగంటలో అటక లేదు. దూలం భుజాన వేసుకుని ఒస్మెల్ మెట్ల తలుపు తీశాడు. నలభై మూడు రోజుల్లో ఎన్నోసార్లు దిగిన మెట్లే. ఈసారి దిగడం నేరం.

వీధి మలుపులో నిలబడ్డ పోలీసు కుర్రాడు చేయి అడ్డం పెట్టి, ఆ ఇంటి వాళ్ళు బయటికి రాకూడదు కదా అన్నాడు. ఒస్మెల్ పది అడుగుల దూరంలోనే ఆగాడు. మాస్కు సర్దుకుని, నాలుగేళ్ళుగా భార్యకి చెప్పని సంగతి నడివీధిలో, అందరూ బాల్కనీల్లోంచి వింటుండగా చెప్పాడు. ఊచలు పోయాయని, తెలిసీ సిమెంటు మెత్తి దాచానని, పైన జ్వరంతో ఉన్నది తన కూతురని.

ఇది పైవాళ్ళకి చెప్పక తప్పదన్నాడు పోలీసు.

"చెప్పు. కానీ ముందు ఇది నిలబెట్టనివ్వు."

కుర్రాడు పక్కకి తప్పుకుని రేడియో నోటి దగ్గర పెట్టుకున్నాడు.

మొదటి దూలం సులువుగానే నిలబడింది. గోడకి దగ్గరగా ఆనించి, అడుగున చెక్కముక్క దిగ్గొట్టాడు. రెండోది అంచు కింద, బయటివైపు పెట్టాలి. ఒకడు నిలువుగా పట్టుకోవాలి, ఒకడు కొట్టాలి. నెరెయిదాని పిలుద్దామంటే పైన ముసలామెను వదిలి రాలేదు. చినుకులు మొదలయ్యాయి. పైనుంచి సున్నంపొడి అతని కళ్ళలో రాలింది.

వెనక చెప్పుల చప్పుడైంది. ఫెర్మీన్ వీధి దాటి వస్తున్నాడు. మార్చి తర్వాత ఆయన కాలు నేల మీద పడటం అదే.

"దగ్గరికి రాకండి పెద్దాయనా. మా ఇంట్లో జ్వరముంది."

"నువ్వు ఊపిరి బిగబట్టు, నేనూ బిగబడతాను," అని ఫెర్మీన్ రెండు చేతులా దూలాన్ని వాటేసుకున్నాడు. "కొట్టు."

వాన ఒక్కసారిగా దబదబా కురిసింది. ఒస్మెల్ మోకాళ్ళ మీద కూర్చుని కొట్టాడు. చెక్క కాస్త దిగింది, జారింది, మళ్ళీ దిగింది. మాస్కు తడిసి ముక్కుకి అతుక్కుని ఊపిరి తిరక్కపోతే కిందికి లాగేసుకున్నాడు. ముసలాయన చేతులు వణుకుతుంటే లేచి, తన భుజం ఆయన భుజానికి ఆనించి, దూలాన్ని తనూ నెట్టాడు. ఆయన ఊపిరి చెంపకి తగిలేంత దగ్గర. పైన ఏదో కిర్రుమంది. తర్వాత కిర్రుమనడం ఆగింది. దూలం మీద బరువు దిగినట్టు ఇద్దరికీ అరచేతుల్లో తెలిసింది.

"నిలబడింది," అన్నాడు ఫెర్మీన్.

ఒస్మెల్ తలెత్తాడు. కటకటాల సందుల్లోంచి కూతురి పాదాలు కనిపించాయి, వానలో తడుస్తూ. బతికున్నాయి.

అప్పుడు మలుపు తిరిగింది పాలిక్లినిక్ వాళ్ళ తెల్లబండి.

మెల్లగా వచ్చి ఇంటి ముందు ఆగింది. అనైస దిగింది, కాళ్ళ నుంచి తలదాకా ప్లాస్టిక్ తొడుగులో. పైకి వెళ్ళబోయి, ఒస్మెల్‌ని వీధిలో చూసి ఆగిపోయింది. ఆ తర్వాత అతని పక్కనున్న ముసలాయన్ని చూసింది. చేతిలో కాగితం తడవకుండా తొడుగు కింద పెట్టుకుని, వాన హోరులో గొంతు పెంచి చదివింది.

దయామీకి ఆ జబ్బు లేదు. రక్తంలో ఉన్నది దోమల జ్వరం. నెరెయిదాకి లేదు. ఎడెల్మీరాకి ఇప్పటికి లేదు, మళ్ళీ చూడాలి.

నాలుగో పేరు చదివేటప్పుడు ఆ పిల్ల కళ్ళు కాగితం మీద నుంచి లేచి అతని మీద ఆగాయి.

ఒస్మెల్ తన నుదుటి మీద చేయి వేసుకుని చూసుకున్నాడు. జ్వరం లేదు, దగ్గు లేదు, ఒక్క నొప్పి లేదు. గాలి లేని ఆ గదిలో, మూడు రోజులుగా, అత్తగారి మంచం పక్కన నేల మీద కూర్చున్నది తనే. పిల్లని బయట పెట్టి, ఆమెను లోపలికి పిలిచింది తనే.

పైనుంచి నెరెయిదా, "అమ్మా!" అని అరిచింది.

ఒస్మెల్ పరుగెత్తబోయాడు. అనైస రెండు చేతులూ అడ్డం పెట్టింది. అతను ఆగాడు. వెళ్ళడానికి లేదు.

అతని భుజం ఇంకా ఫెర్మీన్ భుజానికి ఆనే ఉంది. వాన చప్పుడులో ముసలాయనకి ఏమీ వినబడలేదు. దూలాన్ని వదలకుండా, మొహం మీద నీళ్ళు కారుతుంటే నవ్వుతూ, ఇటు తిరిగాడు.

"ఎవరి పేరు చదివింది?" అన్నాడు.